అక్క కాలు, అక్క రక్తం

మా ముత్తాత జిల్లాలోని మిషన్ దవాఖానాలో మొదటి తెలుగు కంపౌండరు. ఆయన కొడుకు, మా తాత, అదే దవాఖానాకు డాక్టరయ్యాడు. తాత గుర్రబ్బండి ఊళ్లోకి వస్తుంటే పటేలు అరుగు దిగి నిలబడేవాడని నేను చిన్నప్పుడు విన్నాను. తాత చెల్లెలు నర్సుల బడికి పెద్ద. ఆమె దగ్గర శిక్షణ పొందినవాళ్లు చుట్టుపక్కల జిల్లాలన్నిటిలో పనిచేశారు. మేం గుడి అని పిలిచే చర్చిలో మగవాళ్ల వైపు మొదటి బల్ల మాది. అలా అని ఎక్కడా రాసి లేదు, అయినా ఇంకెవరూ కూర్చునేవాళ్లు కారు. మా నాన్న ఉప్పల్‌లో సొంత నర్సింగ్ హోమ్ పెట్టాడు. అప్పుడు అక్కడ షెడ్లూ పొలాలూ తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. ఆ నర్సింగ్ హోమ్ ఎలా పోయిందో ఇక్కడ రాయను. ఇప్పుడు ఆ స్థలంలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

కంపౌండరు ఉండడానికని నాన్న నాచారంలో కట్టించిన ఇంట్లో ఇప్పుడు నేనూ మా అక్కా ఉంటున్నాం. అక్క పెళ్లి చేసుకోలేదు. నా భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. అక్క ఓ పెద్ద దవాఖానాలో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరైంది. నేను డాక్టర్ను కాలేదు. మల్లాపూర్‌లో మందుల కంపెనీలకు అట్టపెట్టెలు చేసే యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని.

మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా మందు ఇంట్లోనే రాసేవారు. బయటి డాక్టరు గుమ్మం తొక్కితే తాతను తక్కువ చేసినట్టు లెక్క. నాన్న పోయాక ఆ అధికారం అక్కకు వచ్చింది. పొద్దున పూట ఆమె వరండాలో కుర్చీ వేసుకుంటే గల్లీవాళ్లు వచ్చి బీపీ చూపించుకుని పోతారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. అందరికీ ఆమె సిస్టరమ్మ.

అక్కకు నర్సుల బడిలో తాత చెల్లెలు నేర్పిన అలవాట్లు చాలా ఉన్నాయి. డాక్టరు గదిలోకి వస్తే నర్సు లేచి నిలబడాలి అన్నది వాటిలో ఒకటి. రిటైరయ్యాక కూడా ఏ డాక్టరు ఎదురుపడినా, ఎంత చిన్నవాడైనా, ఆమె లేచే మాట్లాడుతుంది. నడుము వంచి నిలబడడం నేనెన్నడూ చూడలేదు.

అక్కకు కాలి నొప్పి మొదలై ఆరేడేళ్లవుతుంది. ఒక పొద్దున లేచేసరికి కుడికాలి బొటనవేలు వాచి వంకాయ రంగుకు తిరిగింది. ఫ్యాను గాలి తగిలినా ఓర్చుకోలేకపోయింది. యూరిక్ ఆసిడ్ ఎక్కువై కీలులో సన్నటి రాళ్లలా పేరుకుంటుందని, దాన్ని గౌట్ అంటారని నాకు అక్కే చెప్పింది. ఈ సంగతి గల్లీలో తెలిసి ఎదురింటి ముసలామె వచ్చింది.

"మాంసం, మందు మస్తుగ తిని తాగేటి రాజులకొస్తదంట గదా సిస్టరమ్మా ఈ నొప్పి. మీది పెద్దిల్లు, అందుకే వచ్చింది. మాసొంటోళ్లకు రాదు."

"గట్లనా? అయితే నువ్వే తీస్కపో. ఉత్తగనే ఇస్త," అంది అక్క, కాలు బల్లమీద పెట్టుకుని.

యూరిక్ ఆసిడ్ తగ్గడానికి ఒక మాత్ర ఉంది. పాత సహోద్యోగి ఒకరు చెబితే అక్క మొదలుపెట్టింది. వారం తిరగకుండానే వేలు మునుపటికంటే ఎక్కువ వాచింది. "ఈ గోళి నాకు పడదు" అని ఆ సీసా పారేసింది. అప్పటి నుంచి నొప్పి లేచినప్పుడల్లా నొప్పి గోళీలే. పాత కాఫీ సీసాలో పోసి వంటింటి గూట్లో పెట్టుకుంది. అన్నం తిన్నాక ఒకటి. ఆదివారం గుడిలో ఎక్కువసేపు నిలబడాలి కాబట్టి బయలుదేరే ముందు ఇంకొకటి. బీపీకి మింగే గోళీలతో పాటు ఇదీ ఒక అలవాటైపోయింది.

నిరుడు శ్రమల దినాల్లో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, మొదటిసారి నాకు భయం వేసింది. ఆ దినాల్లో మా ఇంట్లో మాంసం వండరు. కాలు నెమ్మదిగా ఉంది, ప్రార్థన ఫలమని అక్క అంది. ఆ ఆదివారం గుడిలో పాట మొదలుకాగానే అందరం లేచాం. రెండో చరణంలో ఆడవాళ్ల వైపు చూస్తే మొదటి వరుసలో అక్క కూర్చుని ఉంది. పాట పాడుతోంది, పుస్తకం చేతిలోనే ఉంది. కానీ కూర్చుంది. నేను వెంటనే చూపు తిప్పుకున్నాను. బయటికి వచ్చాక పాస్టరమ్మ అడిగింది.

"ఏమైంది సిస్టర్, ఒంట్ల బాలేదా?"

"ఎండకు," అంది అక్క. అప్పటికింకా ఎండ ఎక్కలేదు.

ఇంటికి వచ్చి అద్దం ముందు కింది రెప్ప లాగి చూసుకుంది. చిన్నప్పుడు నాకు నేర్పిన పరీక్షే అది. రెప్ప లోపల ఎర్రగా ఉండాలి. ఆమె కంట్లో ఆ చోటు నీళ్లు కలిపిన పాల రంగులో ఉంది. మర్నాడు ల్యాబు అతన్ని పిలిపించి రక్తం ఇచ్చింది. కాగితం రాగానే చదివి మడతపెట్టింది.

"హిమోగ్లోబిన్ ఏడు. ఈస్టర్ కానియ్యి తమ్మి. తాత మందు జేస్కుందాం."

తాత మందంటే మా వంశానికి పేరు తెచ్చిన మందు. కాన్పయి పాలిపోయిన ఆడవాళ్లకు మిషన్ దవాఖాన వంటింట్లో తాత దగ్గరుండి వండించేవాడు. మేక లివరు మిరియాలు వేసి ఉడకబెట్టినది, నిప్పుల మీద కాల్చిన తిల్లి, పొద్దున పూట పాయ రసం. తిల్లి అంటే మేక కడుపులో ఉండే నల్లటి ముక్క, దాన్ని తింటే రక్తం పడుతుందని మా వైపు అందరూ నమ్ముతారు. బండి మీద తెచ్చిన మనిషి నెల తిరిగేసరికి నడిచిపోయేదని చెప్పుకునేవారు. నేను కళ్లారా చూసినవాళ్లూ ఉన్నారు, కాబట్టి ఇది ఉత్త మాట కాదు.

ఈస్టర్ అయిన మర్నాటి నుంచే మొదలైంది. తాత మందుకు తోడు ఐరన్ గోళీలు కూడా తెప్పించుకుంది. డ్యూటీకి పోయేముందు నాచారం మార్కెట్లో మటన్ దుకాణం దగ్గర నిలబడడం నా పని. కొన్ని రోజులకు దుకాణం అతను కత్తి ఆపి నన్ను చూశాడు.

"ఏంది సాబ్, రోజు తిల్లీయేనా? ఇంట్ల బాలింతరాలున్నదా ఏంది?"

పక్కన నిలబడ్డవాళ్లు నవ్వారు.

"మా అక్కకు," అన్నాను.

"అక్కకా?" అతను నా జుట్టు వైపు చూసి, నవ్వు మింగి, "మాఫ్ జెయ్యుండ్రి. మేకకు తిల్లి ఒక్కటే ఉంటది సాబ్. మీ కోసం ఆపి పెడ్త, ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాడు.

నేను పొట్లం తీసుకుని వచ్చేశాను. దుకాణాల దగ్గర పరాచికాలాడడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

రెండో వారంలో వేలి నొప్పి మళ్లీ లేచింది. ఈసారి వేలితో ఆగలేదు. చీలమండ వాచింది, తర్వాత రెండో కాలు. ఎండలకు ఒంట్లో నీరు తగ్గి ఉంటుందని అక్క అనుకుంది. సీసాలో గోళీలు త్వరత్వరగా అయిపోవడం మొదలైంది. కొత్తవి నేనే తెచ్చాను. మందుల దుకాణంలో సిస్టరమ్మకు అంటే ఇంకో మాట అడిగేవారు కారు. కాలి జబ్బు కాలిదని, రక్తం జబ్బు రక్తానిదని అనుకున్నాం. రెండింటికీ వేర్వేరుగా మందు నడుస్తోంది, రెండింటికీ మంచి మందే నడుస్తోందని ధైర్యంగా ఉన్నాం.

నెల తర్వాత మళ్లీ రక్తం చూపించింది. ఈసారి కాగితం మడతపెట్టలేదు. బల్ల మీద అలాగే వదిలేసి వంటింట్లోకి పోయింది. నేను తీసి చూశాను. ఏడు ఉన్నది ఆరుకు దిగింది. అన్ని లివర్లు తిని, అంత ఐరన్ మింగి, కిందికి దిగింది.

"దవాఖానకు పోదాం అక్కా," అన్నాను వంటింటి గుమ్మంలో నిలబడి.

"ఎవల కోసం?"

"నీ కోసమే."

"నా ఉద్యోగమంత దవాఖాన్లనే అయింది. నువ్వు అట్టడబ్బాల కంపినీల ఉన్నవ్. ఇద్దర్ల ఎవలకెరుక?"

"తాత మందు పనిచేయలేదు."

ఆమె గిన్నె కడుగుతూ ఆగింది. వెనక్కి తిరగలేదు. ఆ రోజు సాయంత్రం దాకా నేను నా గదిలోనే ఉన్నాను. అక్క మెట్లు రెండెక్కి ఆగి ఊపిరి తీసుకోవడం నాకు వినిపిస్తూనే ఉంది. మా ఇద్దరి తర్వాత ఈ ఇంటి పేరు మోయడానికి ఎవరూ లేరు. అక్క పోతే నేనొక్కణ్ణే మిగులుతానన్న సంగతి ఆ సాయంత్రం నాకు పూర్తిగా తెలిసొచ్చింది.

మర్నాడు పొద్దున అక్క వరండాలో ఎదురింటి ముసలామెకు బీపీ చూస్తోంది. నేను చొక్కా తొడుక్కుంటున్నాను. గాలి కొట్టే చప్పుడు ఆగింది. రబ్బరు బుడ్డ ఆమె చేతిలోంచి జారి నేల మీద పడింది.

"సార్, జర ఇటు రాండ్రి," అని ముసలామె పిలిచింది. "సిస్టరమ్మకు బీపీ సూడాలె ఇప్పుడు."

అక్క కుర్చీలోనే ఉంది. వెన్ను నిటారుగానే ఉంది. పెదవులు పిండి పూసినట్టున్నాయి, నుదుటి మీద చెమట. "ఆటో పిలువు" అంది. అంతకు ముందు రోజు అన్న మాటల గురించి ఇద్దరం ఏమీ అనుకోలేదు.

నాచారం నుంచి ఉప్పల్‌కు ఎంతో దూరం లేదు. ఆ పొద్దున ఆ దారి తెగలేదు. వరంగల్ రోడ్డు వైపు తిరిగే చోట, కడుతూ ఆపిన వంతెన స్తంభాల మధ్య బస్సులూ లారీలూ కదలకుండా నిలబడ్డాయి. ఆటో అబ్బాయి హారన్ కొట్టీ కొట్టీ వదిలేశాడు.

"జర ఓపిక పట్టుండ్రమ్మా. ఈ స్తంభాలు నా లగ్గం కాకముందు లేపిన్రు. ఇప్పుడు నాకిద్దరు పిల్లలు. స్తంభాలు గట్లనే ఉన్నయి."

అక్క నవ్వలేదు. ఆమె కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టు మీద ఉన్నాయి. కళ్లు మూసుకుని తన నాడి తానే చూసుకుంటోంది.

"ఎంతుంది?" అన్నాను.

చెప్పలేదు. చెప్పదగ్గదైతే చెప్పేది.

ఉప్పల్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాను. మంచం మీద పడుకోబెట్టి రక్తం తీసుకుపోయారు. కాసేపటికి డాక్టరమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్లకు మించి ఉండవు. ఆమె తెర జరపగానే అక్క దుప్పటి తీసి, వాచిన కాళ్లు కింద పెట్టి, మంచం పట్టీ పట్టుకుని లేవబోయింది.

"అమ్మా, పడుకోండి, పడుకోండి. ఎందుకు లేస్తున్నారు?"

"మీరు నిల్సున్నరు గద డాక్టర్ గారు."

డాక్టరమ్మకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత గోడ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పుడు అక్క వెనక్కి ఒరిగింది.

"హిమోగ్లోబిన్ అయిదుకు వచ్చిందమ్మా. యూరిక్ ఆసిడ్ చాలా ఎక్కువగా ఉంది. కిడ్నీ పని చెప్పే క్రియాటినిన్ కూడా ఎక్కువే. మీరు నర్సుగా చేశారని సార్ చెప్పారు కాబట్టి అన్నీ మీతోనే చెప్తాను. రక్తం తక్కువ, యూరిక్ ఆసిడ్ ఎక్కువ, ఈ రెండూ కలిసి కనబడితే మేము మూడు వైపులు చూస్తాం. ఒకటి కిడ్నీ. యూరిక్ ఆసిడ్‌ను బయటికి పంపేది అదే, రక్తం తయారు చెయ్యమని ఒంటికి కబురు పంపేదీ అదే. అది బలహీనపడితే రెండూ చెడతాయి. రెండోది, లోపల ఎక్కడైనా రక్తం కారుతూ ఉండడం."

"మూడోది?" అంది అక్క.

డాక్టరమ్మ కాగితం వైపు చూసింది. "మూలుగ. ఎముక లోపల కణాలు అడ్డదిడ్డంగా పుట్టి చస్తుంటే, చచ్చిన కణాల నుంచి యూరిక్ ఆసిడ్ వస్తుంది. మంచి రక్తం తగ్గుతుంది."

"బ్లడ్ క్యాన్సరంటున్నరు."

"నేను అనడం లేదు. రక్తం చుక్క గాజు మీద పరచి చూడమని పంపాను. అందులో అనుమానం వస్తే మూలుగ తీసి చూడాలి."

ఆ సూది ఎలా ఉంటుందో అక్కకు తెలుసు. నడుము ఎముకలో దించేటప్పుడు కదలకుండా ఎందరినో పట్టుకున్న చేతులవి. ఇప్పుడవి దుప్పటి మీద ఒకదానిమీద ఒకటి పెట్టుకుని ఉన్నాయి.

"ఏం మందులు వాడుతున్నారు?"

"బీపీ గోళీలు. ఐరన్."

"కాలి నొప్పికి?"

అక్క దుప్పటి మడత సరిచేసుకుంది. నేను చెప్పాను. ఏ గోళీలో, ఎన్నాళ్లుగానో, ఈ నెలలో ఎన్ని సార్లు కొత్తవి తెచ్చానో చెప్పాను. అక్క నా వైపు చూసింది. పరాయి వాళ్ల ముందు ఇంటి మాట చెబితే నాన్న అలా చూసేవాడు.

"మోషన్ నల్లగా వెళ్తోందా అమ్మా?"

"ఐరన్ మింగుతున్న డాక్టర్ గారు. ఐరన్‌కు నల్లగనే పోతది." కొత్త నర్సులకు పాఠం చెప్పే గొంతు అది. డాక్టరమ్మ తలూపి రాసుకుంది. ఐరన్‌కు అలాగే వెళ్తుంది, అది నిజమే. ముందు మూలుగ సంగతి తేలాలని, రక్తం ఎక్కించే ఏర్పాట్లు చూస్తానని చెప్పి లేచింది. తెర దాటిపోయింది.

అక్క పైకప్పు వైపు చూస్తూ ఉంది. నేను నీళ్ల సీసా మూత తీస్తున్నాను.

"డాక్టర్ గారు," అని పిలిచింది. గొంతు పెద్దది కాదు. వార్డు నడిపిన గొంతు కాబట్టి తెర అవతలికి వినబడింది. ఆమె తిరిగి వచ్చింది.

"నల్లగ పోవుడు ఐరన్ కంటె ముందుగాలనే షురువైంది. శ్రమల దినాలల్ల. ఈస్టర్ దాకా నాకాడ ఐరన్ లేదు."

డాక్టరమ్మ మళ్లీ స్టూలు మీద కూర్చుంది.

"ఖాయమా అమ్మా?"

"ఖాయమే. అప్పుడు పాలకూర ఎక్కువ తింటున్న అనుకున్న. ఇగ ఐరన్ షురు జేసినంక, ఐరన్‌కే అనుకున్న."

కడుపులో రక్తం కారితే అది అరిగి నల్లగా, తారులా పోతుందని నాకు ఆ రోజు తెలిసింది. అక్కకు నలభై ఏళ్లుగా తెలుసు. ఐరన్‌కు నల్లగా పోతుందనీ తెలుసు. ఏమీ తెలియని మనిషి అయితే ఆ నలుపు చూసి భయపడి ఎవరికో ఒకరికి చెప్పేది. అక్క దగ్గర జవాబు ముందే ఉంది.

"ముందు కడుపులోకి గొట్టం వేసి చూద్దాం," అంది డాక్టరమ్మ. "ఒప్పుకుంటారా?"

"ఇంత చెప్పినంక ఒప్పుకోకుంటే ఎట్ల? సూడుండ్రి."

రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఎండోస్కోపీ గదిలోకి తీసుకుపోయారు. నేను వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి మెట్రో పట్టాలు కనబడతాయి. కాపలా అతను రెండుసార్లు కుర్చీ చూపించాడు. ఇంకోసారి, "కూసోండ్రి సార్, నిలబడితే జల్ది తీస్కరారు," అన్నాడు. కూర్చుంటే లేవగలననే నమ్మకం నాకు లేదు. మూలుగ అన్న మాట చెవిలో ఉంది. గాజు మీది రక్తం చుక్క సంగతి ఇంకా రాలేదు. నాన్న ఉండుంటే ఆ గదిలోకి నేరుగా నడిచి వెళ్లేవాడు, ఎవరూ ఆపేవారు కారు. నన్ను తలుపు దగ్గరే ఆపారు.

చాలాసేపటికి డాక్టరమ్మ వచ్చి ఫోన్లో బొమ్మ చూపించింది. కడుపు గోడ మీద ఒక గుంత, దాని అంచున ఎర్రటి తడి.

"పెద్ద అల్సర్ సర్. నొప్పి గోళీల వల్లే. రక్తం ఊరుతుంటే ప్రస్తుతానికి ఆపారు. గాజు మీది రక్తం చుక్క రిపోర్టు, స్మియర్, కూడా వచ్చింది. చెడు కణాలేవీ లేవు. మూలుగ తీయాల్సిన అవసరం ఇప్పుడు లేదు."

అప్పుడు కుర్చీలో కూర్చున్నాను.

సాయంత్రం అక్క మంచం పక్కన డాక్టరమ్మ మొత్తం విడమరచి చెప్పింది. బీపీకి వాడే గోళీల్లో ఒకటి మూత్రం ఎక్కువ చేసే రకం, అది యూరిక్ ఆసిడ్‌ను నిలవబెడుతుంది. దాంతో కాలు వాచింది. కాలికి వేసిన గోళీ కడుపును కోసింది, కిడ్నీని కూడా దెబ్బతీసింది. కడుపు కారి రక్తం తగ్గింది. రక్తం కోసం తిన్న లివరు, తిల్లి ఒంట్లో అరిగేటప్పుడు యూరిక్ ఆసిడ్‌గా మారతాయి. మళ్లీ కాలు, మళ్లీ గోళీ. కీళ్లు ఏళ్ల తరబడి వాస్తూ ఉంటే ఒళ్లు ఉన్న ఇనుమును కూడా సరిగా వాడుకోదట. మొదట్లో పారేసిన మాత్ర గురించి కూడా అడిగింది. అది మొదలుపెట్టిన కొత్తలో పేరుకున్నది కరుగుతూ కదిలి ఒకసారి వాపు రావడం మామూలేనని, చిన్న మోతాదుతో మొదలుపెట్టి ఆపకుండా కొనసాగించాలని చెప్పింది.

అక్క అంతా విని, "మా తాత ఈ మందుతోని ఎంతమందినో నిలబెట్టిండు," అంది.

"నిలబెట్టే ఉంటారమ్మా. వాళ్లు తిండి లేక రక్తం తగ్గినవాళ్లు. వాళ్లకు గౌట్ లేదు, కడుపులో పుండు లేదు. ఆయన ఇచ్చింది వాళ్లకు సరైన మందే."

ఆ మాట అన్నందుకు ఆమె పట్ల నాకు ఇప్పటికీ గౌరవం ఉంది.

అంతటితో అయిపోలేదు. మర్నాడు మధ్యాహ్నం నేను క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెచ్చి విప్పుతున్నాను. అక్క పక్కమంచం పేషెంటుతో మేడిపల్లి బస్సుల గురించి మాట్లాడుతోంది. మాట మధ్యలో ఆగి, వేళ్లు మణికట్టు మీద పెట్టుకుంది.

"తమ్మి, బెల్ కొట్టు."

"ఏమైంది?"

"మళ్ల కారుతుంది. నాడి ఉరుకుతుంది. అడుగుడు బంద్ చేసి బెల్ కొట్టు."

కొట్టాను. ఎవరూ రాకముందే వరండాలోకి పరుగెత్తాను. మా ఇంటి మనిషి ఆస్పత్రి వరండాలో సాయం కోసం అరవడం అదే మొదలు. నర్సులు వచ్చారు. ఇంకో చేతికి సూది గుచ్చి ఇంకో రక్తం సంచి తగిలించారు. అక్క బీపీ ఎంతుందో అడగలేదు, మిషను మీద తానే చదివి కళ్లు మూసుకుంది. డాక్టరమ్మ పరుగున వచ్చింది. అక్క లేవలేదు. లేవాలన్న ప్రయత్నం కూడా చేయలేదు. చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అంచు మీద రక్తనాళం ఉన్నట్టుంది డాక్టర్ గారు. నిన్న ఆగినట్టయి మళ్ల తెగింది. జర జల్ది."

మళ్లీ గొట్టం వేశారు. ఈసారి నాళానికి క్లిప్పు పెట్టారు. అక్క బయటికి వచ్చేదాకా నేను ఏం చేశానో సరిగా గుర్తు లేదు. ఇడ్లీ పొట్లం మాత్రం సాయంత్రం దాకా నా చేతిలోనే ఉందని కాపలా అతను తర్వాత చెప్పాడు. ఆ రోజు తర్వాత మళ్లీ కారలేదు.

ఇంటికి పంపేటప్పుడు బీపీ గోళీ మార్చారు. యూరిక్ ఆసిడ్ తగ్గించే మాత్ర చిన్న మోతాదులో మళ్లీ మొదలైంది, వాపు రాకుండా తోడు ఇంకొకటి ఇచ్చారు. అయినా ఒకసారి వేలు వాచింది. అక్క ఐసుగడ్డ గుడ్డలో చుట్టి పెట్టుకుని, పళ్లు బిగించి, కుర్చీలో కూర్చుని రోజులు దాటించింది. మాత్ర ఆపలేదు, సీసా కోసం అడగలేదు. సీసా అప్పటికే నేను తీసేశాను. మటన్ దుకాణం ముందు నుంచి పోతుంటే అతను ఒకసారి పిలిచాడు.

"సాబ్, అక్కకు మంచిగైందా? తిల్లి ఆపి పెడ్తున్న, మీరేమో వస్తలేరు."

"మంచిగైంది. ఇక ఆపకు, వేరేవాళ్లకు ఇవ్వు," అన్నాను.

పొద్దున పూట వరండాలో అక్క ఇప్పుడు గంటసేపే కూర్చుంటుంది. ఎదురింటి ముసలామె మోకాళ్లు పట్టుకుని వస్తే బీపీ పట్టీ కట్టకముందే అడుగుతుంది.

"నొప్పికి ఏం మింగుతున్నవ్? ఎన్ని దినాల సంది?"

"మీరిచ్చినయ్యే గద సిస్టరమ్మా. అప్పుడెప్పుడో."

"పారెయ్యి. బస్తీ దవాఖానకు పోయి డాక్టర్‌కు సూపిచ్చుకో. నేను జెప్పిన్నని చెప్పు."

"మీకంటె పెద్ద డాక్టరా వాడు?"

"అవును, పెద్దోడే. పో."

గుడిలో ఇప్పుడు పాటల దగ్గర లేస్తుంది, పెద్ద ప్రార్థనకు కూర్చుంటుంది. ఎవరైనా చూస్తే చూడనిస్తుంది. రక్తం పదికి వచ్చింది. కిడ్నీ మాత్రం పోయినంత పోయింది, తిరిగి రాదన్నారు. ఉన్నది నిలబెట్టుకోవాలి, రక్తం పడడానికి సూదులు వేయించుకుంటూ ఉండాలి, కిడ్నీ డాక్టరుకు క్రమంగా చూపించుకోవాలి. ఆ సంగతి తెలిసిన రోజు అక్క తన పెట్టెలోంచి మేడిపల్లి ప్లాటు కాగితాలు తానే తీసి, వైద్యం ఖర్చుకు అమ్ముదామని బల్ల మీద పెట్టింది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్న స్థలం అది, నాన్న పేరు మీద చిన్న నర్సింగ్ హోమ్ కడదామని ఇద్దరం అనుకుని కొన్నాం. నేను వద్దన్నాను. నా జీతం ఉందన్నాను.

"నాన్న పేరు నిలబడాల్నంటే ముందుగాల నేను బతకాలె తమ్మి," అంది. "నువ్వు బేరం ఆడకు. నీకు రాదు."

ఫిబ్రవరిలో ఆ ప్లాటును టైర్ల వ్యాపారం చేసే ఒకాయనకు అమ్మేశాం.